అందరూ ఫొటోలో పడాలి

నల్లగుంటపాడులో తెలివైనవాళ్ళెవరని అడిగితే ఊరు ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకునేది. అంకమ్మరావు మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించేవాడు కాదు. “ఎవరేంటి, మేమే” అనేవాడు. మేమంటే అంకమ్మరావు, అతని తమ్ముడు కోటిలింగం, వాళ్ళక్క పున్నమ్మ.

“ఈ ఊరి జనానికి ఒకటి చెబితే ఇంకోటి చేస్తారక్కా” అనేవాడు అంకమ్మరావు వాకిట్లో మంచం వాల్చుకుని. “మొన్న కొట్టు సుబ్బయ్యగారు ‘కాస్త ఈ బస్తా మీద చెయ్యి వెయ్యండయ్యా’ అన్నాడా? పక్కనున్నవాడు పోయి బస్తా ఎత్తాడు. చెయ్యి వెయ్యమంటే బస్తా ఎత్తడమేంటి?”

“బుద్ధుండక్కర్లా? మరి నువ్వేం చేశావురా?”

“బస్తా మీద చెయ్యి వేశాను. ఆయన లోపలికెళ్ళి భోంచేసి, కునుకు తీసి వచ్చేదాకా తియ్యలేదు.”

“నా తమ్ముడు బంగారం” అని పున్నమ్మ మెటికలు విరిచేది.

వీళ్ళ మేనమామకి ఫొటో స్టూడియో ఉండేది. చూపు మందగించేసరికి దాన్ని ఈ ముగ్గురికీ అప్పగించాడు. మీట ఎక్కడ నొక్కాలో నేర్పాడు. పాపం, అది మాత్రం బాగానే నేర్చుకున్నారు. అంకమ్మరావు కెమెరా పట్టుకునేవాడు, కోటిలింగం లైటు పట్టుకునేవాడు, చీర కుచ్చిళ్ళూ పూలజడలూ సర్దడం పున్నమ్మ పని. స్టూడియో పైన బోర్డు మార్చారు: “చెప్పింది చెప్పినట్టు చేయబడును.”

ఆ బోర్డు చూసి పానకాలరావు ముచ్చటపడ్డాడు. ఆయన కూతురు హైమకి పెళ్ళి కుదిరింది. ముహూర్తాల రోజులు కావడంతో పక్క టౌన్లో ఫొటోగ్రాఫర్ ఒక్కడూ ఖాళీ లేడు. “ముందు మా ఇంటికి రండి. మా నాన్నగారి ఫొటో తీయండి. ఆల్బంలో మొదటి పేజీ ఆయనదే ఉండాలి” అన్నాడు.

అంతే, ముగ్గురూ వెళ్ళారు. పెద్దాయన ఇస్త్రీ పంచె కట్టుకుని, మీసం దువ్వుకుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆయన నెత్తి పైన గోడకి ఆయనదే పడుచు వయసు ఫొటో ఒకటి వేలాడుతోంది.

“కాస్త తల వంచండి తాతగారూ” అని కోటిలింగం ఆయన భుజమ్మీంచి కుర్చీ ఎక్కి, గోడ మీది ఫొటో తీసి పానకాలరావు చేతిలో పెట్టాడు. “తీశామండీ. చాలా తేలిగ్గా వచ్చేసింది.”

“అది కాదయ్యా! కెమెరాతో తీయాలి!”

“ముందే చెప్పొచ్చు కదండీ” అన్నాడు అంకమ్మరావు. ఫొటోని మళ్ళీ మేకుకి తగిలించాడు. కెమెరా బెల్టు దాని మూలకి వేసి ఒక్క లాగు లాగాడు. ఇంకేముంది, అద్దం భళ్ళుమంది. ముసలాయన ఎగిరి నేల మీద పడ్డాడు.

“నేను బతికుండగానే నా ఫొటో పగలగొట్టారురా!” అని ఆయన, “బయటికి నడవండి!” అని పానకాలరావు కేకలు మొదలుపెట్టారు. తలుపు చాటున ఎవరో కిలకిలా నవ్వారు. హైమ! పానకాలరావు ఠక్కున ఆగిపోయాడు. ఎంగేజ్‌మెంటు అయిన దగ్గర్నుంచి ఆ పిల్ల నవ్వగా ఆయన చూడలేదు.

సంగతేంటంటే, పెళ్ళికొడుకు దినకర్ ఎంగేజ్‌మెంటు రోజు తల దించుకుని ఉంగరం తొడిగాడు. తల దించుకునే భోంచేశాడు. తల దించుకునే కారెక్కి వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే “ఊఁ” అంటాడు, “ఆఁ” అంటాడు, పెట్టేస్తాడు. “నేను నచ్చలేదేమో. పెద్దవాళ్ళ కోసం ఒప్పుకున్నాడేమో” అని హైమ లోలోపల నలిగిపోతోంది.

“నాన్నా, వీళ్ళనే ఉండనీ” అంది కళ్ళు తుడుచుకుంటూ.

పెళ్ళికి ముందు సముద్రం ఒడ్డున ఇద్దరికీ ఫొటోలు తీయాలన్నారు. కనీసం అక్కడైనా అతను నోరు విప్పుతాడేమోనని హైమ ఆశ. ముందురోజే స్టూడియోకి వచ్చి మరీ చెప్పింది.

“ఆయనకి మొహమాటం ఎక్కువ. మేమిద్దరమే ఉన్నట్టుండాలి. మీరు అక్కడ ఉన్నట్టే తెలియకూడదు. కెమెరా ఉన్నట్టు అసలే తెలియకూడదు. సరేనా అన్నయ్యా?”

“చెప్పావుగా తల్లీ, ఇక మర్చిపో” అన్నాడు అంకమ్మరావు.

మర్నాడు పొద్దున్నే హైమ, దినకర్ వచ్చారు. ఒడ్డున ఎవరూ లేరు. కాసేపు ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. ఒక పాత వలల కుప్ప కనిపిస్తే దాని మీద ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. దినకర్ ఇసుకలో వేలితో గీతలు గీశాడు. ఆ గీతలు చెరిపి మళ్ళీ గీశాడు. చెమట తుడుచుకున్నాడు. ఆఖరికి గొంతు సవరించుకున్నాడు.

“మీరు... పొద్దున్నే... కాఫీ తాగుతారా, టీ తాగుతారా?”

హైమ గుండె ఎక్కడికో ఎగిరింది. “కాఫీ అండీ” అంది మెల్లగా.

“నాకు టీ” అంది వలల కుప్ప.

హైమ కెవ్వుమని అరిచి వెళ్ళి దినకర్‌ని కరుచుకుంది. దినకర్ కూడా కెవ్వుమని అరిచి ఆమెనే కరుచుకున్నాడు. వలలు కదిలాయి. లోపల్నుంచి జుట్టు నిండా ఇసుకతో పున్నమ్మ లేచింది.

“నన్నేమీ అనకమ్మా. మీరిద్దరూ నా మీద కూర్చున్నా కిక్కురుమనలేదు. టీ అనేసరికి నోరు జారింది” అంది.

అటు పక్క ఇసుకదిబ్బలోంచి రెండు కళ్ళు కనబడ్డాయి. కోటిలింగం మెడదాకా పూడ్చుకుని ఉన్నాడు. ఒక ఎండ్రకాయ అతని చెవి పట్టుకుని వేలాడుతోంది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి గానీ నోట మాట లేదు.

“అరవొచ్చు కదయ్యా!” అన్నాడు దినకర్.

“అరిస్తే ఉన్నట్టు తెలిసిపోదా అండీ?”

“మరి మీ అన్నయ్య ఏడి?”

దూరంగా నీళ్ళలోంచి అంకమ్మరావు తేలాడు. దగ్గుకుంటూ, చొక్కా పిండుకుంటూ వచ్చాడు. “ఎలా ఉంది తల్లీ? ఒక్కరమైనా కనిపించామా?” అన్నాడు గర్వంగా.

“కనిపించలేదన్నయ్యా. మరి కెమెరా ఏది?”

“కెమెరా ఉన్నట్టు అసలే తెలియకూడదన్నావుగా. స్టూడియోలో బీరువాలో పెట్టి తాళం వేసొచ్చాను.”

దినకర్ ఒక్క క్షణం అతని వంక చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, ఇసుకలో కూలబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అతన్ని చూసి హైమ కూడా పక్కనే కూలబడింది. ఆ రోజు ఒక్క ఫొటో కూడా రాలేదు. ఇద్దరూ మాత్రం ఎండెక్కేదాకా కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. “ఏం మాట్లాడితే ఏమనుకుంటారోనని భయమండీ నాకు. అంతే. మీరు నచ్చకపోవడమేంటి!” అన్నాడు దినకర్. వెళ్ళేటప్పుడు, “మన పెళ్ళికి వీళ్ళే ఉండాలి” అని కూడా అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పెళ్ళిరోజు పానకాలరావు కోటిలింగాన్ని పక్కకి పిలిచాడు. “ఇదిగో, మగపెళ్ళివాళ్ళు కాస్త పట్టింపు మనుషులు. పెళ్ళికొడుకుని ఒక్క క్షణం కూడా వదలొద్దు. తెలిసిందా?”

“తెలిసిందండీ” అని కోటిలింగం లైటు కిందపడేసి వెళ్ళి దినకర్ చెయ్యి పట్టుకున్నాడు.

అంతే, ఇక వదల్లేదు. మంగళస్నానం చేయిస్తే ఇద్దరికీ చేయించాల్సొచ్చింది. నలుగు పెట్టే ఆడవాళ్ళు సిగ్గుతో సగం దినకర్‌కీ, సగం ఇతనికీ రాశారు. కాశీయాత్రకి గొడుగు పట్టుకుని దినకర్ బయల్దేరితే కోటిలింగం కూడా పాంకోళ్ళడిగాడు. బావమరిది వచ్చి “బావా, కాశీకి వెళ్ళొద్దు, మా అక్కని పెళ్ళి చేసుకో” అని గడ్డం పట్టుకుని బతిమాలితే, దినకర్ కంటే ముందు కోటిలింగం కరిగిపోయాడు. “పిల్లవాడు అంతగా అడుగుతున్నాడు, ఒప్పుకోండి బాబూ” అన్నాడు.

“ఎవరీయన?” అంది పెళ్ళికొడుకు మేనత్త రత్తమ్మ.

“తోడుపెళ్ళికొడుకేమో” అన్నారెవరో.

“తోడుపెళ్ళికొడుక్కి మీసాలేంటి?”

ఈ రత్తమ్మగారు సామాన్యురాలు కాదు. మంచినీళ్ళ గ్లాసు తనకి ఇంకొకరి తర్వాత ఇచ్చారని ఒక పెళ్ళిలోంచి లేచొచ్చేసిన మనిషి. కొత్త కాసులపేరు వేసుకుని, అది కనబడేలా పైట సర్దుకుని, మగపెళ్ళివాళ్ళందర్నీ వేదిక ముందు తివాచీ మీద నిలబెట్టింది. అంకమ్మరావు కేసి వేలు చూపించింది.

“ఇదిగో అబ్బాయ్! మావాళ్ళందరూ ఫొటోలో పడాలి. ఒక్కరు పడకపోయినా నేనూరుకోను. ముఖ్యంగా నేను పడాలి. బాగా పడాలి.”

అంకమ్మరావు నిలబడ్డ జనాన్ని చూశాడు. అందరూ గట్టి మనుషులే. వాళ్ళంతట వాళ్ళు పడే సూచనలు కనిపించలేదు.

“అక్కా, వీళ్ళు పడాలంట.”

“అందరూనా?”

“ఒక్కరు మిగిలినా ఊరుకోదంట.”

“దానికేముందిరా” అంది పున్నమ్మ. తివాచీ ఒక చివర ఆమె పట్టుకుంది. రెండో చివర కోటిలింగం కుడిచేత్తో పట్టుకున్నాడు. ఎడమచేత్తో పెళ్ళికొడుకుని వదల్లేదు మరి. “రెడీయా అండీ? అందరూ నవ్వండి” అన్నాడు అంకమ్మరావు. ఇద్దరూ ఒక్కసారి గుంజారు.

ఇంకేముంది! మగపెళ్ళివారు మొత్తం వెల్లకిలా పడ్డారు. బాబాయి మీద పిన్ని, పిన్ని మీద తాతయ్య, తాతయ్య మీద సన్నాయి మేళగాడు. రత్తమ్మగారు గాల్లో ఒక చుట్టు తిరిగి తలంబ్రాల పళ్ళెంలో పడింది. డోలు వాయించేవాడు ముహూర్తం వచ్చేసిందనుకుని గట్టిమేళం వాయించేశాడు.

“ఒక్కరు మిగిలారురా తమ్ముడూ” అంది పున్నమ్మ. మూల నిలబడ్డ ఒక పెద్దమనిషి ఇది విని తనంతట తనే పడుకున్నాడు.

రత్తమ్మగారు బియ్యంలోంచి లేచింది. ముక్కులోంచి ఒక గింజ తీసి విసిరేసింది. “చాలు! ఈ పెళ్ళి మాకొద్దు! ఒరే దినకర్, లే! పదండి అందరూ బస్సెక్కండి!”

పానకాలరావు చేతులు జోడించాడు. ముహూర్తం దగ్గరికొచ్చేస్తోంది. పీటల మీద హైమ మొహం తెల్లగా పాలిపోయింది.

అప్పుడు దినకర్ లేచాడు. పుట్టినప్పట్నుంచీ అత్త ముందు నోరెత్తని మనిషి.

“అత్తా, పడాలని అడిగింది నువ్వే కదా” అన్నాడు. “ఆయన తప్పేముంది? వీళ్ళనేమీ అనొద్దు. నేను ఈ పెళ్ళే చేసుకుంటాను. ఈ అమ్మాయినే చేసుకుంటాను. బస్సెక్కేవాళ్ళు ఎక్కండి.”

“నేనెలా ఎక్కుతాను, మిమ్మల్ని వదలొద్దన్నారుగా” అన్నాడు కోటిలింగం.

రత్తమ్మగారు నోరు తెరిచింది. అందులోంచి మాట బయటికొచ్చేలోపే అంకమ్మరావు కెమెరా తెచ్చి ఆమె మొహం ముందు పెట్టాడు. “అమ్మగారూ, ఒక్కరూ తప్పిపోలేదు, చూసుకోండి.”

ఆమె చూసింది. ఫొటోలో అందరూ కిందా మీదా కలిసిపోయి కాళ్ళూ చేతులూ మాత్రమే కనిపిస్తున్నాయి. వాళ్ళందరి పైన, గాల్లో, పట్టుచీర రెక్కల్లా విచ్చుకుని రత్తమ్మగారు! మెడలో కాసులపేరు ఒక్కొక్క కాసూ విడివిడిగా, తళతళా మెరుస్తోంది. ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. ఇంకోసారి చూసింది. కోపం మెల్లగా దిగింది.

“అందరికంటే నేనే బాగా పడ్డాను” అంది.

“ఏ పెళ్ళిలోనూ మీ అంత బాగా ఎవరూ పడలేదండీ” అన్నాడు అంకమ్మరావు మనస్ఫూర్తిగా.

“ఇది పెద్దది చేయించి ఇవ్వు” అని రత్తమ్మగారు పైట దులుపుకుంది. “ఏంటలా చూస్తారు? ముహూర్తం దాటిపోతోంది. అబ్బాయి పక్కనున్న ఆ మీసాలాయన్ని ఎవరైనా ఊడదీయండి, తాళి కట్టించండి!”

మూడు ముళ్ళూ పడ్డాయి. హైమ దినకర్ వంక చూసింది. ఈసారి అతను తల దించుకోలేదు.

భోజనాలయ్యాయి, అప్పగింతలయ్యాయి. పూలు కట్టిన కారులో కూతుర్ని ఎక్కించేసరికి పానకాలరావుకి దుఃఖం ఆగలేదు. “అంకమ్మరావూ, కారు కనుమరుగయ్యేదాకా తీస్తూనే ఉండవయ్యా. మధ్యలో ఆపొద్దు” అన్నాడు కండువా నోట్లో కుక్కుకుని.

కారు కదిలింది. వీధి మలుపు తిరగబోయింది.

“కనుమరుగైపోతోంది!” అని కంగారుపడ్డాడు అంకమ్మరావు. “పదండి!”

అంతే, ముగ్గురూ పాత స్కూటరెక్కారు. కోటిలింగం నడిపాడు, పున్నమ్మ వెనకాల కూర్చుంది, మధ్యలో అంకమ్మరావు కెమెరా నొక్కుతూనే ఉన్నాడు. కారు ఊరు దాటింది, వీళ్ళూ దాటారు. రైలు గేటు దగ్గర ఆగింది, వీళ్ళూ ఆగారు. చివరికి పెళ్ళికొడుకు ఊరొచ్చి, కారు వాళ్ళింటి ముందు వేపచెట్టు నీడన ఆగింది. అందరూ దిగి లోపలికెళ్ళారు. కారు మాత్రం ఎటూ కదల్లేదు. చక్కగా కనిపిస్తూనే ఉంది. అంకమ్మరావు ఎదురింటి అరుగు మీద కూర్చుని నిలబడ్డ కారుని తీస్తూనే ఉన్నాడు. అతనికి వేలు నొప్పి పుడితే కోటిలింగం, అతనికి పుడితే పున్నమ్మ.

మర్నాడు పొద్దున హైమ ముగ్గు వేయడానికొచ్చి వీళ్ళని చూసింది. “అన్నయ్యా! ఇంకా ఇక్కడేనా?”

“ఏం చేయమంటావు తల్లీ? మీ నాన్నగారు కనుమరుగయ్యేదాకా అన్నారు. ఇదేమో అవ్వడం లేదు.”

హైమ పెదవి కొరుక్కుని లోపలికెళ్ళి ఒక పెద్ద దుప్పటి తెచ్చింది. కారు మీద ఆ చివర్నుంచి ఈ చివరిదాకా కప్పేసింది. “చూడండి. ఇప్పుడు కనిపిస్తోందా?”

“లేదు!”

“ఇక ఇంటికెళ్ళి పడుకోండి” అని నవ్వుకుంటూ లోపలికెళ్ళిపోయింది.

ముగ్గురూ కాసేపు అటే చూశారు. కోటిలింగం మొహం మారిపోయింది. “అన్నయ్యా, కారు లేదేంటి?”

“ఇప్పుడే ఉంది కదరా!”

“అయ్యో, ఆ పిల్ల అత్తవారి కారు! మన కళ్ళ ముందే పోయింది!” అని పున్నమ్మ గుండెలు బాదుకుంది.

ఇంకేముంది, ముగ్గురూ స్కూటర్ సంగతి కూడా మర్చిపోయి పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తారు. హెడ్ కానిస్టేబుల్ అప్పుడే ఇడ్లీ పొట్లం విప్పుతున్నాడు.

“కారు పోయిందా? ఎలా ఉంటుంది?” అన్నాడు.

అంకమ్మరావు కెమెరా ఇచ్చాడు. ఆయన చూశాడు. కారు. కారు. ఇంకో కారు, అదే కారు. ఇడ్లీ చల్లారిపోయింది గానీ కార్లు అయిపోలేదు. చిట్టచివరికి ఒక కొత్త పెళ్ళికూతురు దుప్పటి పట్టుకుని నిలబడ్డ ఫొటో వచ్చింది.

“ఈవిడెవరు?”

“పెళ్ళికూతురండీ. ఆ పిల్ల అలా దుప్పటి వేసిందో లేదో, ఇలా కారు మాయమైపోయింది.”

“మరి ఆ దుప్పటి ఏమైంది?”

“అది పోలేదండీ. అక్కడే ఉంది, కారెత్తున నిలబడి.”

హెడ్డు కెమెరా కింద పెట్టాడు. “కింద ఏమీ లేకుండా ఉత్త దుప్పటి అంతెత్తున ఎలా నిలబడుతుందయ్యా?”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంకమ్మరావు ముందుకి వంగి, గొంతు తగ్గించి చెప్పాడు.

“పాపం, దాని కళ్ళ ముందే కారెత్తుకుపోయారు కదండీ. భయానికి బిగుసుకుపోయి ఉంటుంది.”