గడియారం ఆపిన రాజుగారు

రామచంద్రపురం దగ్గర ఒక నాటక సమాజం. దాన్ని నడిపే ముగ్గురన్నదమ్ములూ తమంత తెలివైనవాళ్ళు జిల్లాలోనే లేరనుకునేవారు. పెద్దవాడు గవర్రాజు ముప్పై ఏళ్ళు ద్వారపాలకుడి వేషమే వేసి, ఈ ఏడే మొదటిసారి రాజు వేషం కట్టాడు. ఆ నాటకం వీడియోని ఆ రోజు సాయంత్రం ఐదులోపు నాటక పోటీలు పెట్టినవాళ్ళ క్లౌడులోకి ఎక్కించాలి. ఎక్కకపోతే ఆయన కిరీటాన్ని ఎవరూ చూడరు.

పోటీ ఆఫీసు నుంచి హైమ అనే అమ్మాయి, అందులోకి వెళ్ళడానికి ఫోన్లో కోడు చెప్పింది. "ఎవరికీ చెప్పకండి బాబాయ్ గారూ" అంది. ఇంకేముంది! కోడు అడిగిన చోట ఏమీ కొట్టకుండానే వీడియో పంపాడు గవర్రాజు. తెర మీద "మీకు ప్రవేశం లేదు" అని ఎర్రగా వచ్చింది.

"ఈ లోపలి ద్వారపాలకుడెవడో ఎంత బాగా ఆపాడ్రా! నేనెప్పుడూ ఇంత కచ్చితంగా ఆపలేదు" అని మురిసిపోయాడు.

మళ్ళీ హైమకి ఫోను. "కోడు కొట్టారా?" అంది.

"ఎవరికీ చెప్పొద్దన్నావుగా అమ్మా!"

"కంప్యూటర్‌కి చెప్పాలండీ!"

అంతే, తమ్ముళ్ళని బయటికి పంపి, తలుపేసి, కంప్యూటర్ పక్కన నోరు పెట్టి గుసగుసగా చెప్పాడు. మళ్ళీ ఎర్ర అక్షరాలే.

"దానికి చెవుడేమో అన్నయ్యా" అన్నాడు రెండోవాడు సూరన్న, తలుపవతల నుంచి.

గవర్రాజు గొంతెత్తి అరిచాడు. వీధంతా కోడు విన్నది, కంప్యూటర్ తప్ప.

హైమ తల పట్టుకుని ఇంకో కోడిచ్చి, ఒక్కో అక్షరమే చెప్పి కొట్టించింది. వీడియో కదిలింది. గంట కాగానే ఆగిపోయింది.

"కోడు గంటసేపే పనిచేస్తుందండీ. మీ వీడియోకి మూడు గంటలు పడుతుంది. ముక్కలు చేసి పంపండి, ముక్కకో కొత్త కోడిస్తాను. ఏ ముక్కా గంట దాటకూడదు."

"నా నాటకాన్ని ముక్కలు చేయడమా!" గవర్రాజుకి ఏడుపొచ్చింది.

"గంట దాటకపోతే చాలుగా" అని చిన్నవాడు చిట్టబ్బాయి బల్లెక్కి గోడగడియారంలో సెల్లు పీకేశాడు. అప్పుడు పదింపావు. కొత్త కోడు కొట్టి, వీడియో మొత్తం పంపుతూ, ముగ్గురూ హాయిగా భోంచేసి పడుకున్నారు. మెలకువ వచ్చినప్పుడల్లా గడియారం చూశారు. పదింపావే. మళ్ళీ పడుకున్నారు.

ఫోను మోగింది. "బాబాయ్ గారూ, ఐదున్నరైంది! వీడియో ఏదండీ?"

"మా గోడ మీద ఇంకా పదింపావేనమ్మా" అన్నాడు గవర్రాజు. తెర వైపు చూస్తే వీడియో గంటకే ఆగిపోయి ఉంది. "ముప్పై ఏళ్ళు తలుపు దగ్గరే నిలబడ్డానమ్మా..."

హైమకి జాలేసింది. పైవాళ్ళని బతిమాలి, మళ్ళీ ఫోను చేసింది. "రేపు ఐదింటిదాకా టైమిచ్చారు. రేపు కూడా దాటిపోతే ఇంక నావల్ల కాదు."

ఈసారి గవర్రాజు తెలివి తమ్ముళ్ళకి కూడా అందలేదు. నేరుగా గోడ మీది క్యాలెండర్ దగ్గరికి నడిచి, రేపటి కాగితం చింపి, నమిలి మింగేశాడు.

"రేపే లేదు, ఇంక దాటేదేంట్రా? తొందరేం లేదు" అని కంప్యూటర్ ఆపేసి, కిరీటం పెట్టుకుని కూర్చున్నాడు.