రెండు వందల మెట్ల పద్యం

ఒకానొకప్పుడు గుట్టలకోన అని ఒక బుల్లి రాజ్యం ఉండేది. రాజ్యం బుల్లిదే గానీ, దాని గరిడీ పేరు చెబితే చుట్టుపక్కల మల్లులంతా జంకేవారు. మూడు తరాలుగా కుర్రాళ్లు అక్కడే కుస్తీ, కర్రసాము నేర్చారు. వస్తాదు ఎర్రమల్లుకు ఆ గరిడీయే ప్రాణం.

ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రికి మాత్రం అదంటే ఒళ్లుమంట. పరుపు దిగడు, పల్లకి లేనిదే గడప దాటడు మహానుభావుడు! ఒకనాడు రాజుగారితో అన్నాడు:

"ప్రభూ, వ్యాయామం చేస్తే బుద్ధి తొడల్లోకి దిగిపోతుంది. ఆ గరిడీ మూయించి నాకు గ్రంథాలయం కట్టించండి."

వీరనరసరాజుకు పండితుడి మాటే వేదం. పైగా తనకూ నడకంటే బద్ధకం. "రేపటి సభలో ఆజ్ఞ వేస్తాను" అనేశాడు.

ఆ మాట ఎర్రమల్లు చెవిన పడింది. వస్తాదు కదా, పట్టు కోసం చూశాడు. ఆ సభలోనే శాస్త్రి రాజుగారి మీద పద్యం చదవాలి. మూడు పాదాలు కుదిరాయి. నాలుగోది మూడు రోజులుగా రానంటోంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు.

ఎర్రమల్లు శాస్త్రి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, గుట్ట మీది బండ మీద ఏదో రాత ఉందంటారు. తమరు తప్ప ఎవరు చదవగలరు? మెట్లదారి, పల్లకి పట్టదు మరి."

పొగిడితే శాస్త్రి ఆగుతాడా! పంచె ఎగ్గట్టి, రొప్పుతూ ఎక్కాడు. రెండు వందల మెట్లు ఎక్కేసరికి ఉన్నట్టుండి "వచ్చింది! వచ్చింది!" అని కేకపెట్టాడు. నాలుగో పాదం! తీరా పైకెళితే బండ నున్నగా ఉంది.

మర్నాడు సభలో పద్యం అదిరిపోయింది. వెంటనే శాస్త్రి మండిపడ్డాడు. "ప్రభూ, ఈ వస్తాదు నన్ను మోసగించాడు! బండ మీద అక్షరం ముక్క లేదు!"

రాజు కళ్లెర్రజేశాడు. "ఏమిరా?"

"నాలుగో పాదం ఎక్కడ దొరికిందో వారినే అడగండి ప్రభూ."

శాస్త్రి స్వరం తగ్గించాడు. "మెట్లు... ఎక్కుతుంటే."

"మూడు రోజులు పరుపు మీద రానిది, రెండు వందల మెట్లకే వచ్చింది. కాళ్లు కదిలితే నెత్తురు తలకు పారుతుంది, బుద్ధి మేలుకుంటుంది. మా గరిడీలో మూడు తరాలుగా చూస్తున్నాం ప్రభూ!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కంకణం తీసి ఎర్రమల్లుకు తొడిగాడు. "గరిడీ ఎక్కడికీ పోదు. నాకూ ఈమధ్య మంత్రుల పేర్లే గుర్తుండటం లేదు. రేపటి నుంచి నేనూ వస్తాను."

"రండి ప్రభూ. కానీ లోపలికి ఎవరొచ్చినా చెప్పులు విప్పి, మట్టి తాకి కళ్లకద్దుకోవాలి. కిరీటం ఉన్నవాళ్లు అది కూడా తీయాలి."

తెల్లవారగానే గుట్టలకోన రాజు ఉత్త తలతో వంగి, ఆ మట్టిని కళ్లకద్దుకున్నాడు. అదీ గరిడీ అంటే!