చేప కన్ను మునిగిన రోజు

గజ్జలేటి ఒడ్డున ఉన్న మాణిక్యపురంలో విరూపయ్య అనే రక్షణ మంత్రి ఉండేవాడు. తెలివైనవాడే, ఒకరి సొమ్ము ఆశించనివాడే, కానీ చప్పట్లంటే చెవి కోసుకునేవాడు.

ఆ రాజ్యంలో ప్రజలు కట్టే పన్నులో నాలుగో వంతు రాజ్యరక్షణకు పక్కన పెట్టేవారు. కోటకు ఎంత, సైన్యానికి ఎంత, అడవి కాపలాకు ఎంత, ఏటి గట్లకు ఎంత అన్నది ఏటా తేల్చాలి. ఇదివరకటి మంత్రులు దీనికోసం నెల రోజులు తలలు పట్టుకునేవారు. విరూపయ్య వచ్చి ఒక్క పూటలో తేలే ఉపాయం కనిపెట్టాడు. విజయదశమి నాడు రక్షణ విభాగాలన్నీ రాజుగారి ముందు ఊరేగాలి. జనం ఎవరిని చూసి ఎక్కువ చప్పట్లు కొడితే వచ్చే ఏడాది వాళ్లకు ఎక్కువ వాటా. జనం సొమ్ముకు జనం మెప్పే కొలత అన్నాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి! సోమభూపతి మహారాజు కూడా భేష్ అన్నాడు.

ఇంకేముంది, ఆరేళ్లు తిరిగేసరికి ఏనుగులకు జరీ అంబారీలు వచ్చాయి. సైనికుల తలపాగాలకు నెమలి ఈకలు వచ్చాయి. ఎవరి మీదికి యుద్ధానికి వెళ్తుందో ఎవరికీ తెలియని ఒక వెండి రథం కూడా వచ్చింది. చూసే జనం ఊరి వీధుల్లో పట్టడం లేదని విరూపయ్య ఊరేగింపును గజ్జలేటి ఇసుక తిన్నెల మీదికి మార్చాడు.

ఆ ఏటికి ఎగువన, మూడు కోసుల దూరంలో, కొండల మధ్య ఒక పెద్ద చెరువు ఉండేది. దాని కట్ట మీద ఒక నగారా చావడి, అక్కడినుంచి ఊరిదాకా కొండ కొండకొకటి చొప్పున ఇంకో ఆరు చావళ్లు ఉండేవి. కట్ట దగ్గరి రాతి మీద ఎప్పుడో పెద్దలు ఒక చేపను చెక్కించారు. నీళ్లు పెరిగి ఆ చేప కంటిని తాకితే మొదటి చావడిలో నగారా కొట్టాలి. అది విని రెండో చావడి, దాన్ని విని మూడోది. తమలపాకుకు సున్నం రాసి నోట్లో పెట్టుకునేంతలో కబురు ఊరు చేరేది. ఆ దెబ్బ వేరు. దాన్ని పండక్కి కొట్టకూడదు, సాధనకు కూడా కొట్టకూడదు. నిజంగా ఆపద వచ్చినప్పుడే కొట్టాలని నగారా వాళ్లు ఒట్టు పెట్టుకునేవారు.

చావడి విడిచి రాకూడదు కాబట్టి వాళ్లు ఊరేగింపుకు వచ్చేవారు కాదు. రానివాళ్లకు చప్పట్లు ఎవరు కొడతారు? చప్పట్లు లేవు కాబట్టి వాటా తగ్గుతూ వచ్చింది. చావళ్ల పైకప్పులు కారుతున్నా తాటాకు కప్పించే దిక్కు లేదు. తోలు చిరిగితే ఏడు చావళ్ల వాళ్లూ తలా కొంత వేసుకుని నగారాకు కొత్త తోలు బిగించుకునేవారు.

విరూపయ్యకు వాళ్ల మీద జాలి కలిగింది. అవును, జాలే. పాపం, కొండల్లో ఉండిపోయి జనం కంట పడటం లేదు, ఒక్కసారి కనబడితే వాళ్ల కష్టాలు గట్టెక్కుతాయి అనుకున్నాడు. ఈ దసరాకు ఏడు చావళ్ల వాళ్లూ నగారాలతో సహా ఊరేగింపుకు రావాలని, వస్తే వాటా పెరుగుతుందని, రాకపోతే ఇప్పుడు జీతంగా ఇస్తున్న గింజలు కూడా ఆగిపోతాయని కబురు పంపాడు. ఆరుగురు వచ్చారు. కట్ట మీద ఉండే ఈదమ్మ మాత్రం రాలేదు. ఎగువన మూడు రోజులుగా వాన పడుతోంది, నేను కదలను అని చెప్పి పంపింది.

విరూపయ్యకు చిర్రెత్తుకొచ్చింది. ఏడు నగారాలు వరసగా నడుస్తుంటే జనం ఎలా వెర్రెత్తిపోతారో అప్పటికే కలలు కని ఉన్నాడాయన. ఆరైతే పంక్తిలో పన్ను ఊడినట్టు ఉండదూ? దశమి నాటి పొద్దున్నే గుర్రమెక్కాడు. ఆ రోజు ఆయన కూతురు, తొమ్మిదేళ్ల చారుమతి, వెండి రథం మీద కూర్చుని పూలు చల్లబోతోంది. తన రథం కదిలేసరికి వచ్చెయ్యాలని తండ్రి దగ్గర మాట తీసుకుంది. ఎంతసేపులే, ముసలిదాన్ని, నగారాను గుర్రం మీద వేసుకుని వచ్చేస్తానని చెప్పి బయలుదేరాడు.

ఊళ్లో ఎండ ఫెళ్లున కాస్తోంది. కొండలెక్కుతున్న కొద్దీ ఆకాశం నల్లబడింది. కట్ట దగ్గరికి వచ్చేసరికి చెరువు నిండు గర్భిణిలా ఉంది. అరవై ఏళ్ల ఈదమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో వంగి నిలబడి రాతి మీది చేపనే చూస్తోంది. మంత్రి వచ్చాడని తెలిసినా తల తిప్పలేదు.

విరూపయ్య గుర్రం దిగకుండానే కేకలు మొదలుపెట్టాడు. రాజాజ్ఞ అన్నాడు, పండగ అన్నాడు, నీ మంచికే గదా చెప్పానన్నాడు. ఈదమ్మ అంతా విన్నది.

"పండగని నీళ్లకు తెలియదు దొరా," అన్నది. "ఇదిగో, ఇలా దిగి చూడండి."

దిగి చూశాడు. చేప తోక కనబడటం లేదు. పొట్ట కనబడటం లేదు. ఆయన చూస్తుండగానే ఒక చిన్న అల వచ్చి చేప కంటిని కప్పేసింది.

ఈదమ్మ ఒక్క ఉరుకున చావడిలోకి వెళ్లి నగారా అందుకుంది. ధన్, ధన్, ధనధన్! కొండ కదిలిపోయేలా కొట్టింది. కొట్టి, చెయ్యెత్తి ఆగింది. రెండో చావడి జవాబు కోసం చెవి ఒగ్గింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్లీ కొట్టింది. మళ్లీ ఆగింది. ఏమీ లేదు.

రెండో చావడి అంకన్న ఎక్కడున్నాడో విరూపయ్యకు తెలుసు. ఊళ్లో ఇసుక తిన్నెల మీద కొత్త తలపాగా చుట్టుకుని, చప్పట్ల కోసం వరసలో నిలబడి ఉన్నాడు. అక్కడ నిలబెట్టింది తనే.

"ఎంతసేపుంది ఈదమ్మా?" అని అడిగాడు.

"అలుగు దూకడానికి ఒక గడియ, ఆ నీళ్లు ఊరు చేరడానికి ఇంకో గడియ. నేను అడవి వైపు తూములు ఎత్తి కాస్త ఆపి చూస్తాను. మీరు నిలబడకండి దొరా."

ఇక చూడండి ఆ పరుగు! కొండ దారి బురద, గుర్రం కాళ్లు జారిపోతున్నాయి. రెండో చావడి దాటాడు, ఖాళీ. మూడోది దాటాడు, ఖాళీ. నగారా పెట్టే దిమ్మె మీద ఒక కోడి పడుకుని ఉంది. ప్రతి చావడి దగ్గరా ఒక్క మనిషి, ఒక్క నగారా ఉంటే చాలు, తనకు ఈ పరుగే అక్కర్లేదు. తన కూతురు ఈపాటికి గట్టెక్కి ఉండేది. అయిదో చావడి దగ్గర గుర్రం మోకాళ్ల మీద కూలబడి ఇక లేవలేదు. విరూపయ్య తలపాగా ఎక్కడో పడిపోయింది. పట్టుపంచె ఎగగట్టి, ఆరేళ్లుగా పల్లకీయో గుర్రమో తప్ప నడక ఎరగని ఆ శరీరంతో ఏటి వైపు పరుగెత్తాడు.

ఇసుక తిన్నెల మీదికి వచ్చేసరికి ఊరేగింపు మంచి ఊపులో ఉంది. బాణసంచా పేలుతోంది, బూరలు ఊదుతున్నారు, మధ్యలో వెండి రథం మీద చారుమతి పూలు చల్లుతోంది. విరూపయ్య నిలువెల్లా బురదతో, రెండు చేతులూ ఊపుకుంటూ, "పారిపోండి, ఏరు వస్తోంది" అని అరుస్తూ జనం మధ్యలోకి దూకాడు.

జనం ఏం చేశారో తెలుసా? చప్పట్లు కొట్టారు. మంత్రిగారు ఈ ఏడాది కొత్త వేషం కట్టారనుకున్నారు. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. వాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. పిల్లలు ఈలలు వేశారు. పందిట్లో మహారాజు కూడా నవ్వుతూ చప్పట్లు కలిపాడు. పుట్టి బుద్ధెరిగాక విరూపయ్యకు అన్ని చప్పట్లు ఎప్పుడూ రాలేదు. ఒక్కొక్కటీ చెంప మీద పడినట్టయింది ఆయనకు.

అప్పుడు ఆయన కళ్లు వరసలో ఉన్న ఆరు నగారాల మీద పడ్డాయి. వెళ్లి అంకన్న భుజం పట్టుకుని ఆపద దెబ్బ కొట్టమన్నాడు.

"అది ఊరికే కొట్టకూడదండీ, మాకు ఒట్టుంది," అన్నాడు అంకన్న.

"చేప కన్ను మునిగింది అంకన్నా. నేను కళ్లారా చూశాను."

అంకన్న ముఖం పాలిపోయింది. ఆరుగురూ ఒక్కసారిగా కర్రలెత్తారు. ధన్, ధన్, ధనధన్!

బూరలు ఆగిపోయాయి. చప్పట్లు ఆగిపోయాయి. ఆ దెబ్బ కుర్రకారులో చాలామంది ఎన్నడూ విననిది. కానీ ముసలివాళ్లకు తెలుసు. అది వేడుకకు మోగదని కూడా తెలుసు. ఒక ముసలాయన చంకలో మనవరాలిని ఇరికించుకుని గట్టు వైపు పరుగు తీశాడు. అంతే, ఆయన వెనక ఊరు ఊరంతా కదిలింది. భటులు నెమలి ఈకల తలపాగాలు విసిరేసి చంటిపిల్లలను ఎత్తుకున్నారు. మావటివాళ్లు జరీ అంబారీలు కోసేసి నడవలేనివాళ్లను ఏనుగులెక్కించారు. మహారాజు రెండు చేతులా ఇద్దరు ముసలమ్మలను పట్టుకుని గట్టెక్కాడు.

వెండి రథం మాత్రం కదల్లేదు. అంత బరువు, చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. దాని మీద చారుమతి పూలబుట్ట పట్టుకుని బిక్కచచ్చి కూర్చుంది. విరూపయ్య ఎదురు పరుగెత్తి బిడ్డను భుజాన వేసుకున్నాడు. ఆయన గట్టు మీద కాలు మోపేసరికి వెనక ఏదో కొండ విరిగినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే ఇసుక తిన్నెలు లేవు. ఎర్రటి నీళ్లు, చెట్ల మొదళ్లు, సుడులు. వెండి రథం ఒక్కసారి తళుక్కుమని మునిగిపోయింది.

గట్టు మీద పేటపేటగా మనుషులను పిలిచి చూసుకున్నారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. కానీ ఈదమ్మ ఏమైంది? విరూపయ్య కూతురిని వదలకుండా పట్టుకుని కొండల వైపే చూస్తూ ఉండిపోయాడు. నగారా వాళ్లు ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగలేదు. నగారాలు నెత్తికెత్తుకుని కొండదారి పట్టారు. పొద్దు వాలేవేళకు ఎక్కడో దూరాన సన్నగా ఒక దెబ్బ వినబడింది. తరవాత కాస్త దగ్గరగా ఇంకొకటి. ఒక్కొక్క కొండా దాటి ఏడో చావడి దాకా వచ్చింది. అది క్షేమం అని చెప్పే దెబ్బ. మొదట కొట్టింది కట్ట మీది ఈదమ్మే. ఆమె ఎత్తిన తూములే వరదను ఊరు గట్టెక్కేదాకా నిలిపాయి. విరూపయ్య జనమంతా చూస్తుండగా పసిపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు సభలో ఆయన తన ముద్రికను రాజుగారి ముందు పెట్టాడు. తప్పంతా తనదేనని, కాపలా కాసేవాళ్లను వేడుకకు పిలిచి కాపలా తీసేశానని చెప్పాడు. మహారాజు ముద్రికను వెనక్కి జరిపాడు.

"ఆ ఖాళీ చావళ్లను దాటుకుంటూ పరుగెత్తినవాడివి నువ్వొక్కడివే. ఇక అవి ఖాళీ కాకుండా చూడటం కూడా నీ పనే," అన్నాడు.

ఆ ఏడాది నుంచి రక్షణ వాటాలు చప్పట్లతో తేలలేదు. ఎండాకాలంలోనే మంత్రీ, సభవారూ కాలినడకన బయలుదేరి ప్రతి చావడీ, ప్రతి గట్టూ, ప్రతి కోట గుమ్మమూ చూసేవారు. అక్కడ కాపలా ఉన్నవాళ్లను కూర్చోబెట్టి, ఏ ఆపద రావచ్చు, వస్తే మీకేం కావాలి అని అడిగేవారు. మొదటి వాటా దానికి పోయేది. మిగిలిందేమైనా ఉంటే ఏనుగుల అంబారీలకు. రెండేళ్లు ఏమీ మిగల్లేదు. ఏనుగులు బాధపడినట్టు ఎవరూ చెప్పలేదు.

మరుసటి దసరాకు ఊరేగింపు మళ్లీ ఊరి వీధుల్లోకి వచ్చింది, అన్నిటికంటే ముందు ఒక ఖాళీ ఎడ్లబండితో. దాని మీద మనిషి లేడు, నగారా లేదు, ఒక్క బంతిపూల దండ మాత్రం ఉంది. ఇదేమిటి నాన్నా, ఇందులో ఎవరూ లేరే అని చారుమతి అడిగింది. ఇది నగారా వాళ్ల బండి, వాళ్లు రాలేదు కాబట్టే మనం ఇక్కడ నిశ్చింతగా నిలబడి ఉన్నాం తల్లీ అన్నాడు విరూపయ్య. అప్పుడే కొండల మీదినుంచి క్షేమం దెబ్బ ఒకటి మొదలై ఊరి దాకా దిగివచ్చింది. విరూపయ్య వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఏడూ మోగాయి. జనం చప్పట్లు కొట్టలేదు, చేతులు జోడించారు.

నీతి: దేశానికి రక్షణ కళ్లకు కనబడే హంగులో లేదు, కనబడకుండా కాపలా కాసేవారి మెలకువలో ఉంది, ఆపద రాని రోజునే వారికి కావలసింది సమకూర్చిన రాజ్యమే ఆపద వచ్చిన రోజున నిలుస్తుంది.