ఫ్రిజ్జు మీద తొలి చెయ్యి

గరుగుపేట జమీందారు జగ్గరాజుగారి బంగళాకు ఆ ఊళ్లోకెల్లా మొదటి ఫ్రిజ్జు వచ్చింది. దాన్ని బిగించడానికి వచ్చిన కరెంటు పనివాడు సింహాద్రికి మాత్రం భయం పట్టుకుంది. ఆ వంటింట్లో వంట చేసేది అతని భార్య పైడమ్మ.

"బాబుగారూ, దీనికి ఎర్తు వైరు కావాలండి. పెరట్లో ఆరడుగుల గొయ్యి తీసి భూమిలోకి దించాలి. లేకపోతే లోపల ఏ తీగ తెగినా కరెంటు ఇనప తలుపులోకి వచ్చేస్తుంది."

"కొత్తగా పరిచిన నాపరాళ్లు పగలగొడతావుట్రా? ఏమీ కాదు, స్విచ్చి వెయ్యి. లేదంటే నువ్వూ నీ పెళ్లామూ ఊరొదిలి పొండి!"

సింహాద్రి స్విచ్చి దగ్గరికి నడిచాడు.

"చిత్తం. కొత్త వస్తువు మీద తొలి చెయ్యి యజమానిదే పడాలి కదండీ. చెప్పులు విప్పి, పసుపునీళ్లతో చేతులు తడుపుకుని తలుపు పట్టుకోండి. నేను స్విచ్చి వేస్తాను."

ఫ్రిజ్జుకు పూజ చెయ్యడానికి వచ్చిన పురోహితుడు అవునవునన్నాడు.

దొర చెప్పులు విప్పాడు. నీళ్లు కారుతున్న చెయ్యి తలుపుకు జానెడు దూరంలో ఆగిపోయింది. స్విచ్చి మీద వేలు పెట్టిన సింహాద్రికీ లోపల భయమే. ఈ మొండిమనిషి నిజంగానే పట్టుకుంటే?

"ఏమీ కాదన్నారు కదండీ," అన్నాడు మెల్లగా. "మీరు పట్టుకునేది ఒక్కసారే. రోజుకు ముప్పైసార్ల చొప్పున పైడమ్మ నెలకు తొమ్మిదివందల సార్లు పట్టుకోవాలి, అదీ తడిచేతులతోనే."

దొర చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"గునపాలు తెండ్రా! ఆ రాళ్లు లేపండి! ఆరు కాదు, ఎనిమిదడుగులు తవ్వండి!"