సంతకు వెళ్ళిన సంచి

వజ్రమ్మగారిని ఏదైనా అడిగితే నోటితో సమాధానం చెప్పే అలవాటు ఆవిడకు లేదు. నరసాపురం అవతల కాలవ పక్కనున్న ఆ ఊళ్ళో లేసు అల్లే ఆడవాళ్ళు సగంమంది ఆవిడ దగ్గర సూది పట్టినవాళ్ళే. అల్లిక ఎందుకు వంకరపోతోందండీ అని ఎవరైనా అడిగితే "అలాగా" అని ఊరుకునేవారు. తర్వాత ఎప్పుడో ఆ మనిషిని పిలిచి, సంబంధం లేనట్టు కనబడే పని ఏదో పురమాయించేవారు. ఆ పనిలో జవాబు దొరికితే దొరికినట్టు. దొరక్కపోతే ఇంకో పని. ఓపిక లేనివాళ్ళు మానుకున్నారు. మంగతాయారు మానుకోలేదు.

తాయారుకి ఇప్పుడు ఒకటే కోరిక. వాళ్ళ వీధిలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళు అల్లిక నేర్పమని వెంటపడుతున్నారు. నేర్పాలని తనకీ మహా సరదాగా ఉంది. కాని గురువు నోటివెంట "నేర్పు" అన్న మాట రానిదే ఎవరూ ఇంకొకరి చేతికి సూది ఇవ్వకూడదు, అది వాళ్ళ పద్ధతి. ఆ మాట ఎలాగైనా అనిపించుకోవాలని తాయారు పంతం పట్టి ఒక సంచి అల్లింది.

సంచి అంటే మామూలు సంచి కాదు. తెల్లటి నూలుదారం, పట్టుకుంటే జారిపోయేంత నునుపు. మూతి చుట్టూ మల్లెపూల వరస. ఎక్కడా దారపు కొస కనబడకూడదని చివరలన్నీ మొదలంటా కత్తిరించేసింది. "ఎక్కడ ముగించానో పట్టుకోండి చూద్దాం" అని అత్తగారికి సవాలు విసిరింది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "నా వల్ల కాదే తల్లీ" అని చేతులెత్తేసింది. ఎత్తేసి, ఆ సంచిని భద్రంగా అద్దాల బీరువాలో పెట్టి, చేతులూపుకుంటూ బజారుకెళ్ళి, వంకాయలొక ప్లాస్టిక్ కవర్లోనూ చేపలొక కవర్లోనూ తెచ్చింది. వంటింటి తలుపు వెనకాల ఆ కవర్లు ఒకదాంట్లో ఒకటి కుక్కి, పొట్ట ఉబ్బి వేలాడుతూనే ఉన్నాయి. తన సంచిలో ఉల్లిపాయ వెయ్యడానికి కూడా ఇంట్లోవాళ్ళకి చెయ్యి రావట్లేదంటే, తాయారుకి అది మహా గొప్పగా ఉంది. మనకైనా అలాగే ఉంటుంది లెండి.

సంచి పట్టుకెళ్ళి గురువుగారి ముందు పెట్టింది. "పిన్నిగారండీ, నేను ఇంకొకరికి నేర్పడానికి పనికొస్తానాండీ?"

వజ్రమ్మగారు సంచిని ఒళ్ళో పెట్టుకుని, పిడి అతికిన చోట బొటనవేలితో ఒకసారి నిమిరారు. "బాగుందమ్మాయ్. రేపు సంతకి నాతో రా. ఇది కూడా తీసుకురా" అన్నారు.

మర్నాడు సంతలో ఆవిడ నేరుగా కూరగాయల చంద్రమ్మ దుకాణానికి వెళ్ళి ఓ పెద్ద గుమ్మడికాయ తీసుకున్నారు. దాని మీద కొబ్బరికాయలు. తాయారు సంచి మూతికి చెయ్యి అడ్డం పెట్టబోయింది.

"తెల్లదారమండీ పిన్నిగారూ!"

"సంచే కదా?" అన్నారు వజ్రమ్మగారు, ఇంకో కొబ్బరికాయ వేస్తూ.

తాయారు పట్టుమని పది అడుగులు వెయ్యలేదు. పిడి ఒక పక్క సర్రున ఊడింది. గుమ్మడికాయ దబ్బున పడింది, కొబ్బరికాయలు ఎండుచేపల గంపల కిందికి దొర్లిపోయాయి. చుట్టూ ఉన్న జనం ఊరుకుంటారా? ఒకటే నవ్వు. చంద్రమ్మ జాలిపడి ఒక కవరు దులిపి చాపింది. "లేసు సంచులు పెళ్ళిచూపులకి బాగుంటాయమ్మా, సంతకి ఆగుతాయేటి? ఇదిగో, ఇందులో ఏసుకో."

తాయారు చెయ్యి చాపబోయింది కూడా. అప్పుడే ఊడిన చోటు ఆమె కంటబడింది. ముచ్చటపడి కురచగా కత్తిరించిన కొస బరువుకి జారి బయటికొచ్చేసింది, దానితోపాటు పిడంతా విడిపోయింది. ఎవరికీ కనబడకూడదని తను దాచిన చోటే, పదిమందిలో నోరు తెరిచింది. ఏదైనా చెబుతారేమోనని గురువుగారి వైపు చూస్తే, ఆవిడ కొబ్బరికాయలు ఏరి కొంగులో వేసుకుని, ఎవరో ఎరగని మనిషిలా రొయ్యలు బేరమాడుతున్నారు.

తాయారుకి ఒక్కసారిగా పౌరుషం పొడుచుకొచ్చింది. "కవరొద్దండి. నాకు సంచుంది" అంది.

బోర్లించిన గంప మీద కూలబడి, కొప్పులో దోపుకున్న కొక్కెం సూది తీసింది. సూది ఉంది సరే, దారమేదీ? కాసేపు సంచి మూతి కేసి చూసింది. తర్వాత తన చేత్తోనే మల్లెపూలు విప్పడం మొదలుపెట్టింది. ఎన్ని సాయంత్రాలు కళ్ళు పొడుచుకుని అల్లిన పూలు! ఒక్కొక్కటే విడిపోతూ వచ్చాయి. అయినా ఆగలేదు. ఆ దారంతోనే పిడిని మళ్ళీ కలిపి, దిట్టంగా వరస మీద వరస వేసింది. చివరికి మిగిలిన కొసని కత్తిరించకుండా అల్లికలోకి ముందుకీ వెనక్కీ దూర్చి బిగించింది. అతుకు లావుగా, అందరికీ కనబడేలా ఉంది. ఉంటే ఉండనీ అనుకుంది.

గుమ్మడికాయ వేసింది. గురువుగారి కొంగులోంచి తీసుకుని కొబ్బరికాయలన్నీ వేసింది. సంచి మోకాళ్ళ దాకా సాగింది గాని ఈసారి తెగలేదు. భుజానికి తగిలించుకుని, ఏ అవసరమూ లేకపోయినా సంతంతా ఒక చుట్టు తిరిగొచ్చింది. అంత బరువు మోస్తూ అంత తేలిగ్గా ఆమె ఎన్నడూ నడవలేదు. చంద్రమ్మ కవరు మడిచి గోనె కింద తోసేసి, "నాకూ నేర్పవా అమ్మాయ్? ఈ కవర్లు గుమ్మం దాటకుండానే చిరిగిపోతన్నాయని జనం నన్ను తిడతన్నారు" అంది. తాయారు సూదిని మళ్ళీ కొప్పులో దోపేసుకుంది. అనుమతి రాలేదు కదా.

ఇంటికొచ్చాక ఆ సంచి బీరువాలోకి వెళ్ళలేదు, వంటింటి మేకుకి ఎక్కింది. తెల్లారేసరికి అత్తగారు దాన్ని తీసుకుని చేపలకి వెళ్ళిపోయింది. దారిలో కనబడ్డ ప్రతివాళ్ళకీ చూపించి, "మా కోడలు అల్లింది, లాగి చూడు. ఊఁ, గట్టిగా లాగు" అని ఒకటే గొప్పలు. ఆ మాట చెవినబడి తాయారుకి కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆ సాయంత్రమే గురువుగారి దగ్గరికి వెళ్ళింది. "పూలన్నీ పోయాయండీ. సంచి ముతగ్గా తయారైంది. ఇంకోటి బాగా అల్లి తెచ్చి చూపిస్తాను, అప్పుడు చెప్పండి, నేర్పొచ్చో లేదో."

వజ్రమ్మగారు అల్లుతున్న సూది ఆపలేదు.

"ఎందుకమ్మాయ్, చంద్రమ్మ కనిపెట్టుకుని ఉంది, వెళ్ళి నేర్పు" అన్నారు. "నేర్చుకునేవాళ్ళ సంచులూ తెగుతాయి, అప్పుడు నువ్వుండాలిగా."