ఊరందరి మేనకోడలు

అనగనగా ఒక ఊళ్ళో... ఊరి పేరు అడక్కు అమ్మలూ, చెబితే పొద్దున్నే బస్సెక్కుదామని నా ప్రాణం తీస్తావు. శ్రీకాకుళం వైపు అనుకో, చాలు. ఆ ఊరి చింతచెట్ల మీదికి ఏటా వానలు తగ్గాక గూడబాతులు వచ్చేవి. గూడబాతంటే పెద్ద పక్షి. మూరెడు ముక్కు, ముక్కు కింద వేలాడే సంచి. ఆ సంచితోనే చెరువులో చేపల్ని తోడుకుని మింగుతుంది.

అవి వచ్చాయంటే ఊరికి పండగే. "మన ఆడపడుచులు పురిటికొచ్చీసినారు" అనుకునేవాళ్ళు. అవి గూళ్ళు కట్టుకుని, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదరకముందే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయేవి. ఉన్నన్నాళ్ళూ ఎవరూ రాయి విసిరేవారు కాదు, టపాకాయ కాల్చేవారు కాదు. చొక్కా మీద రెట్ట పడినా తుడుచుకుని పోయేవారు. ఇక కంపు సంగతంటావా, ఇప్పుడే అన్నం తిన్నావు, అది వద్దులే.

ఆ ఊళ్ళో గున్నమ్మ అని ఒకావిడ ఉండేది. బట్టలు కుట్టుకుని బతికేది. కానీ ఆవిడ మనసంతా ఆ పక్షుల మీదే. గూట్లోంచి పిల్లలు జారిపడితే దెబ్బ తగలకుండా చెట్ల కింద వలలు కట్టేది. దెబ్బ తగిలినవాటికి వైద్యం చేయించి, బాగయ్యాక మళ్ళీ గుంపులో కలిపేది. జీతం లేదు, భత్యం లేదు, చెయ్యమని అడిగినవాళ్ళూ లేరు. ఆవిడకి తోడు తవిటయ్య. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు గానీ మెళ్ళో విజిల్ మాత్రం తియ్యలేదు.

ఒకరోజు వల చిరిగినచోట ఒక పిల్ల పడింది. రెక్క విరిగింది. అప్పుడు పశువుల డాక్టరొచ్చి కట్టు కట్టాడు. కట్టి, మూడు మాటలు చెప్పాడు. "దీన్ని ముద్దు చెయ్యకండి. కబుర్లు చెప్పకండి. కట్టు విప్పాక చేత్తో మేపకండి. మనిషి చెయ్యి మరిగిందంటే ఇంక చెరువు ముఖం చూడదు."

ఆ తర్వాత ఫారెస్టు ఆఫీసరు వచ్చాడు. "గుంపు వెళ్ళే రోజుకి ఇది ఎగిరితే సరే. ఎగరకపోతే జూకి పట్టుకుపోతాను. ఒంటరిగా వదిలితే కుక్కలు బతకనివ్వవు" అన్నాడు.

జూ అంటే బతికినన్నాళ్ళూ పంజరమే కదా. "నేదు బాబూ, గుంపుతోటే పంపిత్తాను" అని గున్నమ్మ మాటిచ్చేసింది.

అప్పుడు పెరట్లో పెద్ద గుంట తవ్వించి, నీళ్ళు నింపి, చేపలు వదిలి, చుట్టూ వల కట్టింది. నెలన్నరకి రెక్క అతుక్కుంది. కట్టు విప్పి ఎగరమన్నారు. మొదటిసారి అది నాలుగడుగులు పరిగెత్తి కూర్చుంది. రెండోసారి మోకాలెత్తు లేచి బోర్లా పడింది. మూడోసారి బాగానే లేచింది గానీ తవిటయ్య నెత్తిన దిగింది. పాపం, విజిల్ మింగినంత పనైంది.

డాక్టరు దాన్ని తూచి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "తల్లికన్నా ఇదే బరువుంది. ఏం పెడుతున్నారమ్మా దీనికి?"

గున్నమ్మ ఏమీ పెట్టడం లేదంది. కానీ ఊరు పెడుతోంది కదా! ఆడపడుచు పురిటికొస్తే ఆవిడ కూతురు ఏమవుతుంది? ఊరందరికీ మేనకోడలు. చేపలమ్మే నీలమ్మ పొద్దున్నే గంప దించి నాలుగు పరిగె చేపలు విసిరేది. మధ్యాహ్నం నాయుడుగారు వచ్చి "మేనమావలం ఇంతమందిమి ఉండి పస్తులెట్టినామని మాటొస్తాది" అంటూ గుప్పెడు వేసేవాడు. ఒక ముసలావిడైతే సున్నుండలు తెచ్చింది. పిల్ల వాటిని ఊసేసింది. తవిటయ్య తిన్నాడు.

ఇలా కాదని గున్నమ్మ ఊరికి చెప్పడం మొదలుపెట్టింది. మొదట "ఎవరూ చేపలు వేయరాదు" అని బోర్డు రాయించి కట్టింది. అందరూ చదివి, ఇది పొరుగూరోళ్ళకి అనుకున్నారు. ఆ తర్వాత రచ్చబండ దగ్గర మైకు పెట్టి గంటసేపు మాట్లాడింది. అందరూ చప్పట్లు కొట్టి, ఇంత దూరం వచ్చాం కదా అని పోతూ పోతూ తలో చేపా వేసి పోయారు. మూడోసారి బడికెళ్ళి పిల్లలకి చెప్పింది. పిల్లలు ఇళ్ళకెళ్ళి అమ్మనీ నాన్ననీ ఎంత సతాయించారంటే, మర్నాటినుంచి ఎవరూ గుంట వైపు రాలేదు. పిల్లల నోరు అలాంటిది, నాకు తెలీదూ?

అయినా మేనకోడలు తగ్గలేదు.

ఇంక గుంపు వెళ్ళడానికి ఇరవై రోజులే ఉన్నాయి. ఒకరోజు తెల్లారుతూనే గున్నమ్మ కోళ్ళగూడు వెనక నక్కి కూర్చుంది. కాసేపటికి తవిటయ్య చప్పుడు చెయ్యకుండా వచ్చాడు. భుజాన తువ్వాలు మడత.

"ఆ తువ్వాల్లో ఏటుంది తవిటయ్యా?" అంది గున్నమ్మ, వెనకనుంచి.

"ఏటుంతాది. తువ్వాలే."

"మరి అది కొట్టుకుంతాదేటి?"

తవిటయ్య తల దించుకున్నాడు. తువ్వాల్లోంచి పరిగె జారి కింద పడింది. "నన్ను సూసి నోరు తెరుత్తాది గున్నమ్మా. నానేటి సెయ్యను? సర్లే గానీ, నిన్న సాయంత్రం నువ్వు కొంగులో తెచ్చినదేటి?"

నిజమే మరి. రోజూ దీపాలవేళకి ఒక్కటంటే ఒక్కటి అనుకుంటూ ఆవిడా వేస్తోంది. ఆ ఒక్కటి ఈ మధ్య మూడైంది. చూశావా, కంచే చేను మేసింది. ఆవిడకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

అప్పుడు మళ్ళీ మైకు పెట్టించింది. ఈసారి గంటసేపు మాట్లాడలేదు.

"నానూ ఏసినాను. అందరం కలిసి దాన్ని పంజరంలోకి తోసేత్తన్నాం. పిల్లని మెక్కబెట్టి గడప దాటకుండా సేసినోళ్ళు పుట్టింటోళ్ళేనా?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నీలమ్మ లేచింది. "మొకం సూత్తే సెయ్యి ఆగదే గున్నమ్మా."

"అయితే సూడకండి. అది మన మొకం సూడకూడదు, మనం దాని మొకం సూడకూడదు."

మర్నాటినుంచి అదే కట్టుబాటు. గుంట పక్కనుంచి వెళ్ళేవాళ్ళందరూ దానికి వీపు తిప్పి అడ్డంగా, పీతల్లాగా నడిచేవాళ్ళు. నాయుడుగారు పేడకుప్పలో కూర్చున్నాడు. పోస్టుమాన్ నీలమ్మ గంపలో కూర్చున్నాడు. ఆవిడ తిట్టిన తిట్లు నీకు చెప్పకూడదు.

మొదటిరోజు పిల్ల ఆ వీపుల వైపు నోరు తెరిచింది. రెండోరోజు గీపెట్టి ఏడ్చింది. ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చుని గున్నమ్మ కూడా ఏడ్చింది, కానీ లేచి వెళ్ళలేదు. మూడోరోజు అది గుంటలోకి చూసింది. ముక్కు ముంచి తోడితే తామరాకొచ్చింది. మళ్ళీ తోడితే తవిటయ్య పోగొట్టుకున్న చెప్పొచ్చింది. మళ్ళీ తోడితే చేపొచ్చింది.

ఆ తర్వాత అది ఎవరికోసమూ చూడలేదు. వేటాడి తినేది, రెక్కలు కొట్టుకునేది, నాజూగ్గా తయారైంది. గుంట ఈ గట్టునుంచి ఆ గట్టుకి ఎగిరేది కూడా. కానీ పైకెప్పుడూ పోలేదు.

గుంపు వెళ్ళే రోజు రానే వచ్చింది. ఎండ కాస్త ఎక్కాక గూడబాతులన్నీ లేచి ఊరి మీద గిరగిరా తిరగసాగాయి. ఆఫీసరు జీపులో పంజరం వేసుకుని దిగాడు. ఊరు ఊరంతా గున్నమ్మ పెరటి బయట వీపులు తిప్పి నిలబడింది.

"మీరూ తిరగండి సార్. ఊరి కట్టుబాటు" అన్నాడు తవిటయ్య. ఆఫీసరు కూడా తిరిగాడు.

గున్నమ్మ తలొంచుకుని వెనక్కి నడిచి, చేత్తో తడుముకుంటూ వల తీసేసింది. తీసి, అందరితోపాటు నిలబడింది. ఎవరూ దగ్గలేదు. వెనక తపతపా అడుగులు వినపడ్డాయి. ఆ తర్వాత రెక్కల చప్పుడు. ఆ తర్వాత అదీ లేదు.

పడిందో, లేచిందో. గున్నమ్మకి తిరిగి చూడాలని ఎంతుందో చెప్పలేను అమ్మలూ. కన్నతల్లికి కూడా అంత ఉండదు. కొంగు నోట్లో కుక్కుకుంది గానీ తల తిప్పలేదు.

అప్పుడు వాళ్ళ ముందు మట్టి మీద ఒక నీడ కనపడింది. అది గున్నమ్మ పాదాల మీదనుంచి జారి, జీపు మీదనుంచి, ఖాళీ పంజరం మీదనుంచి సాగిపోయింది. పోయి గుంపు నీడల్లో కలిసింది. ఇంక ఏది తమదో ఎవరికీ తెలీలేదు.

ఊరందరి మేనకోడలు వెళ్తుంటే ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు చూడలేదు. అంత బాగా సాగనంపారు.

కథ కంచికెళ్ళింది,
పిల్ల మబ్బుకెళ్ళింది,
పంజరం పట్నమెళ్ళింది,
మనం ఇంట్లోనే ఉన్నాం,
ముసుగుతన్ని పడుకుందాం.