అడుగుల చప్పుడు లేని ఆట

ఎర్రగుట్టల అవతలి అడవిలో ఎండాకాలం వచ్చిందంటే ఒక్క మడుగులోనే నీళ్ళు మిగులుతాయి. ముందు ఎవరు తాగాలన్న దగ్గర జింకలకూ అడవిపందులకూ ఏటా తలకాయలు పగిలేవి. కొట్టుకు చావడం కన్నా ఆడి తేల్చుకోవడం మేలని పెద్దలు గంపాట పెట్టారు. గింజలు గలగలలాడే ఎండు సొరబుర్రను తుమ్మచెట్టుకు కట్టిన గంపలో వేయాలి. తోసినా, పొడిచినా తప్పు. గెలిచినవాళ్ళదే ఆ వేసవంతా మొదటి తాగుడు. పందులు ముందు దిగి పొర్లాయంటే జింకలకు మిగిలేది బురదే.

ఆటకు రిఫరీ గుడ్లగూబ గూబయ్య. అడవిలో అందరికన్నా పెద్ద కళ్ళు ఆయనవేనని వెదురు ఈల ఆయన మెడలో వేశారు. కన్ను పెద్దదైతే చూపూ పెద్దదేననుకున్న ఆ పెద్దల తెలివికి దండం పెట్టాలి. ఆట జరిగేది పట్టపగలు. పగలు గూబయ్యకు లోకమంతా తెల్లటి పొగ. ఆ సంగతి గూబలకు తప్ప బయట ఎవరికీ తెలియదు. చెవులు మాత్రం మహా పదును. గంప కట్టిన చెట్టు మీదే కూర్చుని, బుర్ర గలగల, గిట్టల టకటక, పందుల రొప్పు విని, ఎవరెక్కడున్నారో పోల్చుకుని ఈల ఊదేవాడు. ఎవరైనా ఇదేమిటని అడిగితే ఒకటే జవాబు, "నా రెండు కళ్ళతో చూశాను!"

నిరుడు ఆ చెవులే ఆయన్ని ముంచాయి. ఆట ముగుస్తుందనగా జింకల పెద్ద చుక్కమ్మ కూతురు దూది బుర్రను గంపలో వేసింది. పేరుకు తగ్గ పిల్ల, పరిగెత్తినా అడుగు వినిపించేది కాదు. అడ్డం వచ్చి దూదిని గుద్ది, తానే తూలి పడింది ఒక పంది. గూబయ్యకు వినిపించింది ఆ పడ్డ చప్పుడొక్కటే. "దూది తప్పు! పందిని పడదోసింది! బుర్ర చెల్లదు!" అని ఈల ఊదేశాడు. పందులు గెలిచాయి. ఆ వేసవి బురదనీళ్ళు తాగీ తాగీ దూది మడుగు గట్టునే ప్రాణం వదిలింది.

ఈ ఏడు ఆటకు ముందు చుక్కమ్మ, పందుల పెద్ద కోరలప్ప కలిసి గూబయ్య తొర్ర కిందికి వచ్చారు.

"గూబయ్యగారూ, నిరుడు మీరు ఊదిన ఈల గురించి నలుగురిలో ఒక్క మాట చెప్పండి," అంది చుక్కమ్మ. "తప్పైతే తప్పని, ఒప్పైతే ఒప్పని."

"ఆ విచారణ ఎప్పుడో అయిపోయిందమ్మా. మా గూబలం తొర్రలో కూర్చుని మాట్లాడుకున్నాం."

"ఏం తేల్చారు?"

"అది బయటికి చెప్పేది కాదు. రిఫరీని నలుగురిలో నిలదీస్తే రేపు ఈల మాట ఎవరు వింటారు?"

"నా బిడ్డ పోయింది కదయ్యా!"

"నాకూ బాధగానే ఉంది. అయినా నా రెండు కళ్ళతో చూశాను."

కోరలప్ప గుర్రుమన్నాడు. "మాకు మాత్రం ఏం ఒరిగింది పెద్దాయనా? దొంగనీళ్ళు తాగినోళ్ళంటా కుందేళ్ళు కూడా ఎగతాళి చేస్తన్నాయి. ఆ గెలుపు మాదో కాదో నువ్వే చెప్పు."

"గెలిచినవాడివి, నోరు మూసుకుని తాగక నీకెందుకయ్యా ఈ దురద?" అని గూబయ్య ముఖం తిప్పుకున్నాడు.

గొంతు గట్టిగానే ఉంది గానీ లోపల భయమే. ఈల లేని రోజుల్లో ఆయన ఎదురైతే చాలు, అపశకునమని అందరూ వెనక్కి తిరిగి పోయేవారు. ఈల వచ్చాకే "గూబయ్యగారూ" అయ్యాడు. చూపు లేదని తెలిస్తే ఈల పోతుంది, దానితో పాటే ఆ "గారూ" కూడా పోతుంది.

ఆట రోజు మొదటి సగం గొడవ లేకుండా నడిచింది. విరామం ఇచ్చేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. మిట్టమధ్యాహ్నం దయ్యాలు తిరుగుతాయని తల్లులు పిల్లల్ని పొదల్లోకి పిలుచుకునే వేళ అది. వడగాలి లేచింది. గూబయ్య ఈల ఊది, "దిగండి బరిలోకి!" అని కేకేశాడు.

బుర్ర గలగలమంది.

గిట్టలు వినిపించలేదు. గాలి హోరులో కలిసిపోయాయేమో అనుకుని చెవులు రిక్కించాడు. బుర్ర ఇటు వచ్చింది, అటు పోయింది. రొప్పు లేదు, మూలుగు లేదు. ఏమైందర్రా అని అడిగితే కనిపించడం లేదని ఒప్పుకున్నట్టే. అందుకని చీకట్లో రాయి విసిరినట్టు, "జింక తప్పు!" అన్నాడు.

మామూలుగా అయితే జింకలు ఘొల్లుమనాలి, పందులు చిందులు తొక్కాలి. ఒక్క నోరూ లేవలేదు. బుర్ర మాత్రం గలగలలాడుతూనే ఉంది. సరిపెట్టినట్టుంటుందని "పంది తప్పు!" అని మళ్ళీ ఊదాడు. దానికీ ఎవరూ పలకలేదు.

గూబయ్య ఈకలు నిక్కబొడుచుకున్నాయి. తిట్లూ అరుపులూ లేని ఆట ఆయన ఎరగడు. ఆ గలగల గంప దాకా పోతోంది, ఆగుతోంది, మళ్ళీ మెల్లగా తన వైపే వస్తోంది. అడుగు చప్పుడు కాకుండా బుర్రను ఆడించగలిగింది ఈ అడవిలో ఒక్కతే. అది పోయి ఏడాదవుతోంది.

గలగల సరిగ్గా ఆయన కొమ్మ కిందికి వచ్చింది.

"ఎ... ఎవరది?" కొమ్మ మీద వెనక్కి జరిగాడు గూబయ్య. "దూదీ, నువ్వేనా?"

గలగల.

"నన్నేం చేయకు తల్లీ! ఆ రోజు నాకు కనిపించలేదు. పగలు నాకేమీ కనిపించదు, చెవులతోనే నెట్టుకొస్తున్నాను. నీ అడుగు వినపడలేదు, పంది పడ్డది వినపడింది. పొరపాటు చేశానని ఆ సాయంత్రానికే తెలిసింది. తొర్రలో మావాళ్ళకు చెప్పాను కూడా. బయట చెబితే ఈల పోతుందని అందరం నోళ్ళు కుట్టుకున్నాం. తప్పు నాదమ్మా, నీది కాదు!"

గాలి పడిపోయింది. బుర్ర ఆగింది. అప్పుడు చుట్టూరా, గూబయ్యకు నాలుగు వైపులా, ఎంతోమంది బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలిన చప్పుడైంది. అడవంతా అక్కడే కూర్చుని ఉంది.

"ఇక్కడ దూది లేదు గూబయ్యగారూ," అంది చుక్కమ్మ. "మీ చూపు మీద అనుమానంతో విరామం తర్వాత మాలో ఒక్కరూ బరిలోకి దిగలేదు. కోతులు బుర్రను తీగతో గంప పక్కన వేలాడదీశాయి. ఆడింది గాలి. మీరు గాలికి తప్పులు వేశారు."

"గట్టు మీద గమ్మున కూచున్నోళ్ళం, మాకూ ఒకటి తగిలించినావే!" అన్నాడు కోరలప్ప.

"నన్ను మోసం చేశారు," అన్నాడు గూబయ్య.

"చేశాం. మంచిగా అడిగితే తొర్ర మూసుకున్నారు మరి." చుక్కమ్మ కొమ్మ కిందికి వచ్చి నిలబడింది. "నిరుడు ఆ సాయంత్రమే మీకు తెలుసంటిరి. ఆ సాయంత్రమే ఈ మాట ఇక్కడికొచ్చి చెప్పి ఉంటే మా వాళ్ళు మంచినీళ్ళు తాగేవారు. నా బిడ్డ బతికేది."

గూబయ్య మెడలోంచి ఈల తీసి కొమ్మ మీంచి జారవిడిచాడు. అది ఎవరి ముందు పడిందో కూడా ఆయనకు కనిపించలేదు.

"ఈ ఏడు ముందు మీరే తాగండక్కా," అన్నాడు కోరలప్ప. జింకలు మడుగు వైపు కదిలాయి. ఆ తర్వాత ఈల ఎవరి మెడలో పడినా, ఆట కాగానే బరి మధ్య నిలబడి ఆ రోజు తాను చేసిన పొరపాట్లు తానే చెప్పాలని కట్టుబాటు పెట్టుకున్నారు. చెప్పేదాకా మడుగులో ఎవరూ మూతి పెట్టరు.

ఎదుటివాడి తప్పుకు నలుగురిలో ఈల వేసేవాడు, తన తప్పుకూ ఆ నలుగురిలోనే వేసుకోవాలి.